ఢిల్లీశ్వరి కాదనలేకపోయిన కొబ్బరిబొండం

మా ఢిల్లీశ్వరి నిర్యాణవార్త పోయిన మంగళవారం ఉదయం ఫోనులో విన్నాను. విని కూడా నమ్మలేదు. ముందురోజు సాయంత్రం నౌపడ స్టేషనులో నా చెయ్యి పట్టుకుని, "ఒసే, వైవా రోజుకి నీ నీలం సీర నాకియ్యాల" అన్న మనిషి తెల్లారేసరికి ఎలా లేకుండా పోతుంది? ఇస్త్రీ చేసిన ఆ చీర ఇంకా నా మంచం మీదే ఉంది.

శ్రీకాకుళంలో మేమిద్దరం ఎమ్మెస్‌డబ్ల్యూ సహాధ్యాయినులం. ఢిల్లీశ్వరి వరి పండించే ఇంటి పిల్ల. ముప్పై దాటాక మళ్లీ చదువులోకి వచ్చింది. అప్పటికే కిడ్నీలు పాడై డయాలిసిస్ మీద బతుకుతోంది. తాను పడుకునే డయాలిసిస్ వార్డులోనే సోషల్ వర్కర్‌గా చేరి, తనలాంటివాళ్లకు తోడుగా నిలవాలన్నది ఆమె జీవితాశయం. అందుకు పట్టా కావాలి. పట్టాకు మిగిలింది వైవా ఒక్కటే.

ఫీల్డ్‌వర్కూ అక్కడే చేసింది. చేతికి సూదులుండగానే పక్క మంచాలవాళ్లను పలకరించేది. ఒకసారి మా మేడమ్ వచ్చి, "ఇక్కడ నువ్వు స్టూడెంటువా, పేషెంటువా?" అన్నారు. "సెయ్యి పేషెంటుదండి, నోరు స్టూడెంటుది" అంది. వార్డంతా నవ్వింది. ఆ గదిలో నవ్వు ఎంత అపురూపమో చూసినవాళ్లకే తెలుసు.

మా వైపు ఇంటికొచ్చినవాళ్లకు కొబ్బరిబొండం కొట్టివ్వకపోతే మర్యాద కాదు, ఇచ్చింది తాగకపోతే మహాపరాధం. కిడ్నీలు పోయినవాళ్లకు ఆ నీళ్లే విషం, వాటిలోని పొటాషియానికి గుండె ఆగిపోవచ్చు. ఢిల్లీశ్వరి ఇంటింటికీ తిరిగి రోగులకు ఉపాయం నేర్పింది. "వద్దనకండి. అందుకోండి, కళ్లకద్దుకోండి, పక్కనున్నోలికి ఇచ్చీండి. ఇచ్చినోలికి బాదుండదు, మీకు పేనముంటాది."

ఆ సోమవారం మేం ఆదెమ్మ ఇంటికి వెళ్లాం. కొడుకు ఇదే జబ్బుతో పోయినప్పటినుంచి ఆ తల్లి ఎవరితోనూ మాట్లాడలేదు, తలుపు తియ్యలేదు. ఢిల్లీశ్వరి వారంవారం వెళ్లి ఆ అరుగు మీద ఊరికే కూర్చుని వచ్చేది. తనకూ అదే జబ్బని ఏనాడూ చెప్పలేదు. ఆరోజు తలుపు తెరుచుకుంది. ఆదెమ్మ చేతిలో బొండం.

"నా కొడుకేసిన సెట్టు కాయమ్మా. ఆడు పోయాక ఎవులూ ముట్టనేదు. తాగు."

పక్కన నేనున్నాను. చెయ్యి కూడా చాచాను. ఢిల్లీశ్వరి నావైపు చూడలేదు. చివరి చుక్కదాకా తాగింది. అప్పుడు ఏడ్చింది ఆదెమ్మ, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ.

దారిలో కడిగేశాను. "నీకేటి, పిచ్చా?"

"ఇన్నాళ్లకి తలుపు తీసిందే. వద్దంటే మళ్లీ మూసేసుకుంటాది. రేపు డయాలిసిస్ ఉన్నాది కదా, లాగేస్తాదిలే" అంది.

ఆ రేపటికి ముందే గుండె ఆగిపోయింది. దేవుడికి కళ్లు లేవనను, ఉండీ చూస్తూ ఊరుకున్నాడంటాను.

వార్డులో ఆ ఉద్యోగం ఖాళీగానే ఉంది. రేపోమాపో నాకు పట్టా వస్తుంది, మరొకరికీ వస్తుంది. ఆ మంచాల మధ్య ఆ నవ్వు మాత్రం ఇక రాదు. ఏ విద్యాలయమూ ఇంకో ఢిల్లీశ్వరిని మాకివ్వలేదు.

నిన్న ఆదెమ్మకు చెబుదామనే వెళ్లాను. తలుపు బార్లా తీసి ఉంది. "ఆ పిల్ల రానేదేటమ్మా? దానికని లేత బొండాం దాసినాను" అంది.

"వస్తాదమ్మా" అన్నాను. ఇంకేమనను?

బొండం నా చేతిలో పెట్టింది. కళ్లకద్దుకున్నాను. పక్కన ఇవ్వడానికి ఎవరూ లేరు.