పుంగనూరు ఆంబోతూ, నా జెర్సీ దూడలూ

1978 వానాకాలంలో నన్ను పలమనేరు అవతల ఒక పల్లెకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా, నేను సాయపడటానికి అక్కడ పెద్ద సర్జన్ ఎవరూ లేరు. ఒక ఆసుపత్రి గది, దాని పైకప్పులో సప్తర్షి మండలం మొత్తం పట్టేంత కన్నం, ఏకాంబరం అనే కాంపౌండరు. ఇదీ నా సామ్రాజ్యం.

పని రెండు రకాలు. ఎదకు వచ్చిన ఆవులకు జెర్సీ వీర్యం ఎక్కించడం ఒకటి. రైతులు దాన్ని సూది అనేవాళ్లు. నాటు రక్తం మళ్లీ కలవకుండా నాటు కోడెల విత్తులు నొక్కడం రెండోది. ఇందుకు బర్డిజో అనే పటకారు ఉంటుంది. చర్మం తెగకుండా లోపలి నాళాన్ని నలిపేస్తుంది. దాన్ని భుజాన వేసుకుని వీధిలో నడిస్తే కోడెలే కాదు, మగవాళ్లు కూడా పక్క సందులోకి తప్పుకునేవాళ్లు.

వీర్యం చిత్తూరు నుంచి మంచుముక్కల మధ్య, థర్మాస్ ఫ్లాస్కులో, బస్సెక్కి వచ్చేది. సర్కారు సొత్తు కదా అని కండక్టరు దాన్ని మహా గౌరవంగా డ్రైవరు పక్కన, ఇంజను మూత మీద కూర్చోబెట్టేవాడు. ఆ మూత మీద కాఫీ కాచుకోవచ్చు. ఈ సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

అదే సమయంలో తిరుపతిలో నాకు జన్యుశాస్త్రం చెప్పిన రంగాచార్యులుగారు నన్నొక పనికి వాడుకున్నారు. రెండు జాతులు తరతరాలుగా కలుస్తూపోతే కొత్తది పుడుతుందా, పాతది కరిగిపోతుందా, రెండూ దేనికది నిలుస్తాయా అన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. అడవి జీవాల్లో ఇది తేలాలంటే యుగాలు పడుతుంది; పశువుల్లో అయితే తాను పోయేలోగా తేలుతుందని ఆయన ఆశ. నడుము ఎత్తు దాటని, తోక నేలను ఊడ్చే మా పుంగనూరు ఆవుల్లోకి జెర్సీ రక్తం దిగుతోంది కాబట్టి దాన్ని పట్టుకున్నారు.

కంప్యూటరు లేదు. రెండు కుండలు, ఏనుగు పడుకోగలిగినన్ని చింతగింజలు ఉన్నాయి. పైపొట్టు గీకిన తెల్లగింజ జెర్సీ జన్యువు, గీకని నల్లగింజ పుంగనూరుది. వేరువేరు గింజలైతే వేళ్లు గుర్తుపట్టి పక్షపాతం చూపిస్తాయని రెండూ చింతగింజలే పెట్టారు. తరానికి ఒకసారి నల్లకుండలో కొన్ని తెల్లవి కలపాలి. అది జన్యు ప్రవాహం. కళ్లు మూసుకుని జతలు జతలుగా తీయాలి. అవి పుట్టబోయే దూడలు. తరానికి ఎన్ని తెల్లవి కలపాలో చెప్పేది నా సూదుల రిజిస్టరు.

ఆ రిజిస్టరు జిల్లాకే తలమానికం. ఊళ్లో ఎద వచ్చిన ప్రతి ఆవూ నా గుమ్మం తొక్కేది, వేళకు ఈనేది. దూడ పుట్టిందని కబురు రాగానే, కుర్చీలోంచి కదలకుండా, తండ్రి గడిలో జెర్సీ అని రాసేవాణ్ని. చిత్తూరు నుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది. ఆచార్యులుగారి కుండలో ఎనిమిదో తరానికల్లా నల్లగింజ కనబడలేదు. అది విని చిత్తూరులోని మా అసిస్టెంట్ డైరెక్టరుగారు పరవశించిపోయారు. ఎలాగూ పోయే జాతి కదా, ఆ ఫిర్కా పల్లెలన్నిటిలో మిగిలిన ఒకే ఒక పుంగనూరు ఆంబోతును, మునెమ్మ అనే రైతుది, నొక్కేయమన్నారు. సోమవారం తానే జీపులో వచ్చి చూస్తానన్నారు. అది పోతే ఆ చుట్టుపట్ల ఆ వంశం అంతటితో సరి.

శుక్రవారం ఆచార్యులుగారి నుంచి కార్డు వచ్చింది. సంకరం ఎంతవరకు వచ్చిందో తెలియాలి, దూడల ఎత్తు కొలిచి పంపమని. టేపు పట్టుకుని, ఏకాంబరాన్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదటి ఇంటి జెర్సీ దూడ నా మోకాలికి వచ్చింది, తోకతో వాకిలి ఊడుస్తోంది. రెండో ఇంట్లోనూ అంతే. పదో ఇల్లు దాటేసరికి జెర్సీ ద్వీపం మొత్తం కుంగిపోయిందా అని అనుమానం వచ్చింది. ఏకాంబరం ఆకాశంలోకి చూస్తున్నాడు.

చివరికి మునెమ్మ ఇల్లు. ఆంబోతు పశువుల కొట్టంలో కలెక్టరులా నిలబడి ఉంది.

“ఏం సార్, దూడలకి సొక్కాలు కుట్టిస్తావా?” అంది మునెమ్మ టేపు చూసి.

దూడలన్నీ పొట్టిగా ఎందుకున్నాయని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

“నీ సూది ఒగటన్నా కట్టింటే గదా సార్! ఆ సీసా బస్సులోనే ఉడికిపోతాది. ఊరుగాని ఊరొచ్చినావు, వద్దంటే నీ మొగం సిన్నబోతాదని అందురూ నీ కాడికి తోలుకోనొస్తారు. పోతా పోతా ఈడ మా వానితో దాటించుకోని పోతారు.”

ఏకాంబరం వైపు తిరిగి, నీకు తెలుసా అన్నాను.

“తెలుసు సార్. మా ఆవుని గూడా ఈడనే దాటించినా.”

ఊరు ఊరంతా నా మీద జాలిపడి నా చేత దొంగలెక్క రాయించింది. ఇప్పుడు ఆ లెక్కే మునెమ్మ ఆంబోతు మీదికి వస్తోంది. నిజం చెబితే నా పత్రం గంగలో కలుస్తుంది. చెప్పకపోతే సోమవారం నా చేత్తోనే పటకారు బిగించాలి.

సోమవారం మునెమ్మ వాకిట్లో జీపు దిగిన దొరగారికి రిజిస్టరు, టేపు కొలతలు పక్కపక్కన పెట్టి అంతా చెప్పేశాను. జిల్లాలోనే పేరుమోసిన నా జెర్సీ దూడలన్నిటికీ తండ్రి ఎదురుగా నెమరువేస్తున్న ఈయనే అన్నాను. ఆయన నన్ను చూశారు, ఆంబోతును చూశారు, పటకారు చూశారు.

“బుద్ధుందా మీకు? దీన్ని నొక్కేస్తే వచ్చే ఏడాది మన జెర్సీ దూడలు ఎక్కణ్నుంచి రావాలయ్యా?”

అక్కడికక్కడే ఫైలు మీద “పరిశీలన నిమిత్తం మినహాయించడమైనది” అని రాసి సంతకం పెట్టారు. మెచ్చుకోలు పత్రం వెనక్కి ఇస్తానంటే, అందుకు తగిన ఫారం లేదన్నారు. తండ్రి గడులన్నీ నేనే కొట్టేసి, తిరగరాసి, ప్రతిని తిరుపతికి పంపాను. కుండల నమూనాలో దోషం లేదు, దోషమంతా నువ్వే అని ఆచార్యులుగారు జవాబు రాశారు.

జన్యు ప్రవాహాన్ని లెక్కగట్టేవాడు ఎక్కించిన మందును కాదు, పుట్టిన దూడను కొలవాలి. ఆవు తన దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో రాసుకుంటే చాలదు. తిరిగి పోయేటప్పుడు ఏ దారిన పోయిందో కూడా కనుక్కోవాలి.