వద్దు నేర్పే ఆవిడ

పిల్లల ఆసుపత్రి పరిశోధన విభాగంలో ఆవిడ పని, పసివాళ్లకు పరీక్ష ఏమిటో అర్థమయ్యేలా చెప్పి వాళ్ల ఇష్టం కనుక్కోవడం. కుర్చీలో కూర్చోదు. మోకాళ్లు పటపటమంటున్నా చాప మీద చతికిలబడి ముందు పిల్ల బూట్లు అడుగుతుంది, తర్వాత రిబ్బను, ఆ తర్వాత చేతిలో బొమ్మ. "ఇవ్వను" అనేదాకా అడుగుతూనే ఉంటుంది. తనతో కాదని చెప్పగలిగిన పిల్లకే సూది సంగతి చెబుతుంది, అదీ నొప్పి దాచకుండా. అది విని కొందరు వద్దంటారు. ఆ వద్దుల్ని పరిశోధన నడిపే పెద్ద డాక్టరుగారి గదికి మోసుకెళ్లేటప్పుడు మాత్రం ఆవిడ నడకలో ఎక్కడలేని హుషారు వస్తుంది. ఐదేళ్ల వయసులో తను వద్దు వద్దని ఏడుస్తుంటే, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటూ చెయ్యి అదిమిపట్టి, ఏదో పరిశోధన కోసం నెత్తురు లాగిన కుర్ర డాక్టరు ఆయనే. ఆయనకది గుర్తు లేదు. ఆవిడ గుర్తు చెయ్యలేదు.

ఆవేళ ఆయన సొంత మనవరాలినే పరీక్షకు తీసుకొచ్చాడు. "మా బంగారం దేనికీ కాదనదు. త్వరగా కానియ్యమ్మా" అన్నాడు. నిజమే, ఆ పిల్ల బూట్లిచ్చింది, రిబ్బనిచ్చింది. బొమ్మ దగ్గరికొచ్చేసరికి గుండెకు హత్తుకుని "ఇవ్వను" అంది. ఆవిడ కళ్లు మెరిశాయి. సూది సంగతి చెప్పింది.

"అయితే నాకొద్దు" అంది పిల్ల.

"చీమ కుట్టినట్టుంటుందిరా, అంతే" అంటూ తాత ఆ చిన్న చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ మధ్యకు జరిగి, పిల్ల పాదానికి నిదానంగా బూటు తొడిగింది.

"ఇంకోసారి గట్టిగా చెప్పు తల్లీ. మీ తాతయ్యకి ఈ మాట నా చిన్నప్పట్నించీ వినపడదు."