గేటు మీద పేరు

రంగెల్‌కి కావాల్సింది ఒక్కటే. మా గని జట్టు ఆడే మైదానం గేటు మీద తన పేరు. అదీ తనంతట తాను కోరింది కాదు, గని డైరెక్టరు ఇచ్చిన మాట.

ఆ ఏడు సోఫియాలో, రాజధాని జట్టు మీద రంగెల్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. మూడింటికి బంతి అందించింది నేనే. అది ఎవరికీ గుర్తులేదు, సరే. మర్నాడే ఆ జట్టు నుంచి రమ్మని కబురొచ్చింది. డైరెక్టరు పరుగున వచ్చి, "వెళ్లకు రంగెల్, మైదానానికి నీ పేరే పెడతాం" అన్నాడు. ఈ పిచ్చిమాలోకం నమ్మి ఉండిపోయాడు. ఇంకో పదకొండేళ్లు ఆడాడు. మోకాలు పోయాక ఆ గేటు దగ్గరే టికెట్లు చించే పనిచ్చారు.

గని మూతపడింది, డైరెక్టరు పోయాడు. రంగెల్ మాత్రం ఏటా మునిసిపాలిటీకి అర్జీ పట్టుకెళ్లేవాడు. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. కిటికీ వెనక అమ్మాయి తలెత్తకుండానే చెప్పింది.

"బతికున్నవాళ్ల పేర్లు పెట్టకూడదు తాతా. రూలు."

"మరి ఎప్పుడు రమ్మంటావమ్మా?"

"మీరు పోయాక మీవాళ్లని రమ్మనండి."

"నావాళ్లంటే ఈ త్సాంకోగాడే. వీడు నాకంటే ముందే పోయేలా ఉన్నాడు."

ఆ అమ్మాయి నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత అతని భార్య స్టాంకా పోయింది. మా దగ్గర భార్యాభర్తల్లో ఒకరు పోతే సమాధి రాయి మీద మిగిలినవారి పేరూ చెక్కించేస్తాం, పుట్టిన ఏడు వేసి, గీత గీసి, పక్కన జాగా వదిలి. రంగెల్ తన పేరు వంక చాలాసేపు చూశాడు.

"చూశావట్రా, ఇక్కడ బతికుండగానే రాశారు."

అప్పటినుంచి ప్రతి ఆదివారం, ఒకప్పుడు మ్యాచ్ మొదలయ్యే వేళకి, ఆ రాయి ముందు కూర్చుని, మ్యాచ్ చూసేవాళ్లలాగే పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కునేవాడు.

పోయిన వసంతంలో మైదానాన్ని సూపర్‌మార్కెట్ వాళ్లకి అమ్మేశారు. యంత్రం ముందుగా గేటునే పెకిలించింది. రంగెల్ నా పక్కనే నిలబడి చూశాడు.

"ఇంక చచ్చినా దండగే కదరా త్సాంకో."

  శరత్కాలం వచ్చి అక్రోటుకాయలు రాలకముందే అతను పోయాడు.

మరణపత్రం పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్లాను. లాభం లేదని తెలుసు, పంతం కొద్దీ వెళ్లాను. అదే కిటికీ, అదే అమ్మాయి. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి తాతా. ఇంతకీ ఏ మైదానానికి పెట్టమంటారు?"

అక్కణ్ణుంచి నేరుగా రాళ్లు చెక్కేవాడి దగ్గరికి వెళ్లి, గీత పక్కన రంగెల్ పోయిన ఏడు వేయమన్నాను.