టాక్సీలో ఆరని పసుపు లైటు

అదేనండీ, డాష్‌బోర్డు మీద కారు జారుతున్న బొమ్మతో వెలిగే ఆ పసుపు లైటే మూడు రోజులుగా మన మెకానిక్‌ని కాల్చుకు తింటోంది. కారు వాళ్ళక్కది, టాక్సీ నడుపుకుని బతుకుతుంది. రేపటి తనిఖీలో ఆ లైటు వెలిగిందంటే బండి రోడ్డెక్కదు.

వెనక ఎడమ చక్రం మిగతా మూడింటికంటే ఎక్కువ తిరుగుతోందని, కారుకి తగిలించి లోపాలు చూసే మిషన్ చూపిస్తోంది. చక్రం వేగం కొలిచే సెన్సర్ అబద్ధం చెబుతోందని రెండుసార్లు దాన్ని మార్చాడు. లైటు ఆరుతుంది, వీధి మలుపు తిరగ్గానే మళ్ళీ వెలుగుతుంది.

"లైటు ఆర్పమంటే నా ప్రాణం తోడేస్తున్నావేంట్రా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకో అక్కా!"

విసురుగా ఆ చక్రం ముందు కూలబడ్డాడు. అప్పుడు టైరు మీది అంకెలు కళ్ళబడ్డాయి. మిగతా వాటికంటే ఇది ఒక సైజు చిన్నది. చిన్న చక్రం ఎక్కువ తిరగక ఏం చేస్తుంది? అది జారుతోందనుకుని కారు లైటు వెలిగిస్తోంది!

"ఇదెవడు బిగించాడు?"

"ఎవడేంటి, నువ్వే! పోయిన నెల పంచరైతే, కంటికి ఒకేలా ఉందిలే అక్కా అన్నావు కదరా!"

మెకానిక్ స్కూటరు తీశాడు. మూడు షాపుల్లో సరైన సైజు టైరు లేదన్నారు. నాలుగో షాపు మూసేస్తుంటే, సగం దిగిన షట్టర్ కింద తల దూర్చి, "అన్నా, ఒక్క టైరు!" అంటూ ఇంకా బతిమాలుతూనే ఉన్నాడు.