అమ్మ నన్ను మరిపించిన ఏడాది

మొన్న మార్కాపురంలో మా మనవరాలు ఫోనులో ఒక వకీలమ్మ ప్రసంగం పెట్టి నన్నూ వినమంది. విడాకులు తీసుకోబోయే ఆడది ముందుగా డబ్బును ఎలా చక్కబెట్టుకోవాలో, మనసును ఎలా గట్టి చేసుకోవాలో ఆ తల్లి వరసగా చెప్పుకుపోతోంది. కోర్టులో కాగితాలు వేయబోతున్న మా పిల్లకు అది అవసరమే. నేను మాత్రం సగంలోనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను, ఎందుకంటే అక్షరం ముక్క రాకుండానే ఆ రెండు పనులూ చేసిన మనిషి నాకు తెలుసు, ఆమె మా అమ్మ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి, నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, మా మార్కాపురం, కంభం తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మాది అర్ధవీడు దగ్గర గొర్రెలు కాచుకునే ఇల్లు. ఎండాకాలం మందను తోలుకుని అడవి దిక్కు పోయే మా నాయన ఒక ఏడు అక్కడొక పల్లెలో ఒకామెతో కలిసిపోయి, ఆమెను ఇంటికి తెస్తానని జేజి చేత, అంటే తన తల్లి చేత, అమ్మకు చెప్పించాడు. అమ్మ గొడవ పడలేదు, ఏడ్చినట్టు కూడా నాకు గుర్తు లేదు. ఆమె వెళ్ళిపోవడానికి సిద్ధమవుతోందని ఆరేళ్ళ నాకు ఎలా తెలుస్తుంది?

మావాళ్ళలో పెళ్ళికూతురికి పుట్టింటివారు నాలుగు గొర్రెలు ఇచ్చి పంపేవారు. వాటి సంతతి ఎప్పటికీ ఆమెదే, కాకపోతే చెవి మీద ఆమె పుట్టింటి గుర్తు ఉండాలి. మొగుడి మీద నమ్మకంతో ఎనిమిదేళ్ళు ఆ గుర్తు సంగతే పట్టించుకోని అమ్మ, ఆ ఏడు తన గొర్రెలకు పుట్టిన ప్రతి పిల్లకూ నలుగురూ చూసేట్టు వాకిట్లో నిలబెట్టి ఎడమ చెవి కొస కోసింది. కాళ్ళ కడియాలు అతుకు ఊడాయని చెప్పి తన తమ్ముడి చేత కంభం పంపింది, అవి మళ్ళీ ఇంటికి రాలేదు.

మనసు సంగతికొస్తే, ఆమె గట్టి చేసింది తన మనసును కాదు, నాది. తెగతెంపులైతే బిడ్డ తండ్రి ఇంట్లోనే ఉండిపోవాలన్నది మా కట్టుబాటు, పంచాయితీలో బిడ్డను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. గొర్రెపిల్లకు పాలు మరిపించాలంటే పొదుగుకు పేడ పూస్తారు, అది రెండుసార్లు మూతి పెట్టి, చీదరించుకుని గడ్డికి పోతుంది. అమ్మకు తెలిసిన ఉపాయం అదొక్కటే. నాకు తల దువ్వడం మానేసింది, పక్కలోకి వెళితే నెట్టేసేది, సంగటి గిన్నె విసురుగా ముందు పడేసేది. జ్వరం వచ్చిన రోజున ఒళ్ళో తల పెట్టబోతే, "పో, నా మీద పడొద్దు. నీకు నేనేంది, మీ జేజి ఉండాది గదా" అంది. మొదట్లో ఏడ్చాను, తర్వాత భయపడ్డాను, ఏడాది తిరిగేసరికి ఆమెను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

పెద్దమనుషులు మా దొడ్డి ముందర కూర్చున్నారు. చెవులు చూసి గొర్రెలను వేరు చేస్తే అమ్మకు పదకొండు వచ్చాయి, గుర్తు వేయనివన్నీ నాయనకే మిగిలాయి. ఇద్దరి చేతికీ గడ్డిపోచ ఇచ్చారు, అది తుంచితే పెళ్ళి తెగినట్టు. అప్పుడు తాత వరసయ్యే ఒక పెద్దమనిషికి జాలి పుట్టి నన్ను ముందుకు పిలిచాడు. "ఆడబిడ్డ గదా, కట్టుబాటు పక్కన పెడదాం. ఎవురితో పోతావో నువ్వే చెప్పమ్మా" అన్నాడు. నాయన అడ్డు చెప్పలేదు, కొత్త సంసారంలో నేను లేకపోతేనే నయమనుకుని ఉంటాడు. అమ్మ నా వైపు రెండు చేతులూ చాచింది. నేను జేజి వెనక్కి నక్కి, "ఆమెతో నేను పోను. నాయన కాడనే ఉంటా" అన్నాను.

కొందరు నవ్వారు. "కన్నబిడ్డే వద్దంటాంటే ఇంక మొగుణ్ణి అనేదేముంది" అన్నారెవరో. అమ్మ చేతులు దించుకుంది, గడ్డిపోచ తుంచింది, గొర్రెలను తోలుకుని త్రిపురాంతకం దారిన పుట్టింటికి వెళ్ళిపోయింది.

తర్వాత సవతి తల్లి వచ్చింది, పదేళ్ళు నా చేత వెట్టిచాకిరీ చేయించింది. అమ్మ రెండుసార్లు కబురు పంపినా నేను వెళ్ళలేదు, నా పెళ్ళికీ పిలవలేదు. ఆమె పోయిన పదోనాడు లోకం కోసం వెళితే, పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పింది. "నీకు దిగులు తగలగూడదని అక్క అట్ల చేసింది తల్లీ. నీకు జొరమొచ్చిన పొద్దు దొడ్లో కూచోని, నోట్లో కొంగు కుక్కుకోని ఏడ్చినాదంట" అంది.

ఇప్పుడు కోర్టుల్లో పిల్లలను విడిగా గదిలో కూర్చోబెట్టి, బిస్కెట్టు చేతికిచ్చి, కొన్నాళ్ళాగి మళ్ళీ పిలిచి అడుగుతారట. మంచిదే. మా కాలంలో ఊరందరి ముందు ఒక్కసారే అడిగారు, అదీ దయతలచి. ఇంకోసారి అడిగి ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను గానీ, ఈ వయసులో అబద్ధమెందుకు, ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల అదే మాట చెప్పేది. మా అమ్మ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు.