ఆషాఢానికి ముందు ఇచ్చిన రాజీనామా

2023 వేసవిలో నేను గరివిడి దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. ఆఫీసర్‌ని. మాది శ్రీకాకుళం. ఫ్యాక్టరీకి దగ్గర్లో గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. హాజరు, సెలవులు, జీతంలో కోతలు అన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్తాయి కాబట్టి క్యాంటీన్‌లో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నేను వెళ్తే అప్పటిదాకా సాగుతున్న నవ్వులు ఆగిపోయేవి. కొన్నాళ్లకు టీ ఆఫీసుకే తెప్పించుకోవడం అలవాటు చేసుకున్నాను.

అప్పలనాయుడు ఫర్నేస్ దగ్గర ట్యాపింగ్ చేసేవాడు. అంటే కొలిమి నోరు తెరిచి, కరిగిన లోహాన్ని బయటికి వదిలే పని. అతని భార్య రమణమ్మకు నరసన్నపేటలో కుట్టుపని దుకాణం ఉంది, పాప చదువూ అక్కడే. ఇతనేమో ఇక్కడ చేయి కాల్చుకుంటూ, వారానికోసారి బస్సెక్కేవాడు. అలాంటి మనిషికి శ్రీకాకుళం వైపు ఒక ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ అయింది. సెలెక్ట్ అయ్యారు, లెటర్ పంపిస్తామని ఫోన్ వచ్చింది. ఆ ఉద్యోగం దొరికితే రోజూ ఇంటికెళ్లి పాపతో కలిసి అన్నం తినొచ్చు.

మర్నాడే రాజీనామా పట్టుకొచ్చాడు. ఆఫర్ లెటర్ వచ్చిందా అని అడిగితే ఇంకా లేదన్నాడు.

"ఆసాడం వచ్చీలోగా అక్కడ సేరిపోవాలి మేడమ్. నెల నోటీసు ఉన్నాది కదా, ఈరోజిస్తేనే సరిపోద్ది. మా ఆవిడ పంతులుగార్ని అడిగి మరీ సెప్పింది."

ఫోన్‌లో మాట ఉద్యోగం కాదని, లెటర్ చేతిలో పడ్డాకే నోటీసు ఇవ్వాలని, ఆ నెల రోజులు ఏ కంపెనీ అయినా ఆగుతుందని చెప్పాను. అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. కాగితం మాత్రం టేబుల్ మీద పెట్టి, దానికో దండం పెట్టి మరీ వెళ్లాడు. పంతులుగారి ముందు నా మాట ఏపాటిది? రాజీనామా ఆమోదం అయ్యేదాకా వెనక్కి తీసుకునే వీలుంటుంది కానీ, మా మేనేజరు ఆ సాయంత్రమే సంతకం పెట్టేశాడు.

నోటీస్ పీరియడ్ అంటే మనిషి ఉండీ లేనట్టే. షిఫ్టు వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఫర్నేస్ దగ్గర కొత్తవాణ్ని నిలబెట్టారు. వెళ్లిపోయేవాడే కదా అని టీకి పిలవడం కూడా మానేశారు. ఎవరికీ అతని మీద కోపం లేదు, అయినా అలాగే చేశారు. ఎటూ తోచక తన గ్లాసు పట్టుకుని నా ఎదురుగా కుర్చీలో వచ్చి కూర్చునేవాడు. పాప గురించీ బస్సుల గురించీ మాట్లాడుకునేవాళ్లం. అతని దగ్గర దాచానేమో కానీ, ఆ టీ వేళ కోసం నేను పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని.

లెటర్ మాత్రం రాలేదు. ఎప్పుడడిగినా ప్రాసెస్‌లో ఉందనేవారు. ఒకరోజు టీ తాగకుండానే, "కాయితం ఎనక్కి తీసుకుంటాను మేడమ్. ఇదీ లేక, అదీ రాక ఏటైపోతాను?" అన్నాడు. మేనేజర్ని అడిగి చూశాను. కొత్తవాణ్ని తీసుకున్నాక ఇంకెక్కడిదన్నాడు. ఆ మాటే తిరిగొచ్చి చెప్పాను. గ్లాసు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

చివరి వారంలో లెటర్ వచ్చింది. చేరాల్సిన తేదీ సరిగ్గా ఆషాఢం నడిమధ్యన పడింది. ఆ తేదీకి రాకపోతే ఆఫర్ రద్దని కూడా రాశారు. నా టేబుల్ దగ్గర్నుంచే రమణమ్మకు ఫోన్ చేశాడు. ఫర్నేస్ మోతకు చెవులు మందగించి, ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాడు. తేదీ చెప్పాడు. అటువైపు మిషన్ చప్పుడు ఆగింది. ఇక వద్దంటుందనే అనుకున్నాను.

"కొత్తగా పెళ్లైనోళ్లని ఆసాడంలో ఒక్క నెలే యిడదీస్తారు," అంది రమణమ్మ. "మనకి ఎనిమిదేళ్లుగా ఆసాడమే. ఇంకేటి సూస్తావు, వచ్చీ."

నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను.

చివరి రోజున రిలీవింగ్ లెటర్ తీసుకుని, "ఎల్లొస్తాను మేడమ్, మీరూ వేళకి తినండి," అన్నాడు. ఇక్కడ నాకు ఆ మాట చెప్పింది అతనొక్కడే.

నేనిప్పటికీ ఈ ఫ్యాక్టరీలోనే ఉన్నాను. ఇప్పుడు ఎవరు రాజీనామాతో వచ్చినా ముందు ఆఫర్ లెటర్ చూపించమంటాను. అది చూశాకే కాగితం తీసుకుంటాను. నోటీసు ఇచ్చినవాళ్లను ఆ నెలంతా నేనే టీకి పిలుస్తాను. వాళ్లు కాదనరు, పిలిచేవాళ్లు ఇంకెవరూ ఉండరు కనుక. అందుకే ఇక్కడ నా స్నేహాలేవీ నెల దాటవు.