సంగు మామ కుడిచెయ్యి

మిల్లు సంగు ఊదితే ఇంట్లో గడియారం సరిచేసుకునే కాలం అది. (సంగు అంటే గుడిలో శంఖం కాదు, షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ను మా కోయంబత్తూరులో అలాగే అనేవాళ్ళం.) వీధిలో తమిళం, ఇంట్లో తాతలనాటి తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడూ వచ్చునన్న గర్వంతో, కొత్తగా కుట్టించుకున్న తెల్లకోటుతో, నేనొక ఆసుపత్రిలో చేతుల చికిత్స గదిలో ఉద్యోగానికి చేరాను. తలకు దెబ్బ తగిలో, మెదడులో నరం చిట్లో చెయ్యి పడిపోయిన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఆ చెయ్యి ఏమాత్రం పనిచేస్తోందో పరీక్షించడం నా పని. చెక్కముక్కలు ఎత్తి అరమీద పెట్టాలి, రెండు వేళ్ళతో గోలీ తీయాలి, ఒక గ్లాసులో నీళ్ళు ఇంకో గ్లాసులోకి వంచాలి. చక్కగా చేస్తే మూడు మార్కులు, ఆలస్యంగానో అవస్థపడో చేస్తే రెండు, సగంలో ఆగితే ఒకటి, చేయలేకపోతే సున్నా. లోకంలోని చేతులన్నీ ఈ లెక్కలో ఇమిడిపోతాయని అప్పట్లో నా గట్టి నమ్మకం.

సంగు మామ మా పక్క లైను ఇళ్ళలో ఉండేవాడు. సంగు మోగకముందే మిల్లు గేటు దగ్గర నిలబడే మనిషి కనుక ఆ పేరు. ఒకరోజు సైకిలు మీద పనికి పోతుంటే లారీ తగిలి పడ్డాడు. తలలో గడ్డకట్టిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు. మాట వచ్చింది, నడక వచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆ చెయ్యి కోసం మా గదికి పంపారు. మొదటిరోజు నేను రేడియోలో వార్తలు చదివినట్టు మంచి పుస్తకాల తమిళంలో పరీక్ష గురించి వివరించాను. మామ అంతా ఓపిగ్గా విని, భార్య వైపు తిరిగి ఇంటి తెలుగులో, "ఈ పాప ఏమి చెప్తా ఉండాది?" అన్నాడు.

నా గొంతులోంచి వార్తలావిడ దిగిపోయింది. "మామా, ఆ చెక్కముక్కని కుడిచేత్తో ఎత్తి పైన పెట్టండి, అంతే," అన్నాను.

ఆయన ఎడమచేత్తో టక్కున పెట్టేశాడు. కుడిచేత్తో అని మళ్ళీ చెప్పాను. అప్పుడు ఒళ్ళో పడివున్న ఆ చేతికేసి చూశాడు. వేళ్ళు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో, నుదుటిమీద చెమట పట్టింది. ముక్క కదిలింది గాని లేవలేదు. "ఇది నాది కాదు పాపా. ఎవరిదో తెచ్చి నాకు తగిలించినారు," అన్నాడు. నేను కాగితంలో ఒకటి వేశాను.

రెండోవారం చెయ్యి ఉన్నట్టుండి అరదాకా లేచింది. నేను పొంగిపోయి మార్కు వేయబోతూ బల్ల కిందికి వంగి చూస్తే, అత్త రెండు చేతులతో ఆయన మోచేతిని పైకి తోస్తోంది. (మార్కు ఎవరికి వేయాలో కాసేపు తోచలేదు.) బయట బెంచీ మీద కూర్చోమంటే ఆమెకు కోపం వచ్చింది. "నా మొగుని చెయ్యి నేను పట్టుకోకూడదా?" అంది. నచ్చజెప్పడానికి వరండాలోకి వెళ్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అసలు సంగతి చెప్పింది. "మా పాపకి కల్యాణం కుదిరి ఉండాది. కన్యాదానంలో ధార పోసేదానికి కుడిచెయ్యి కావాలి గదా. తన తమ్ముణ్ణి పొయ్యమని ఈయనే చెప్పేసినాడు. చెప్పినప్పటినుంచి సరిగ్గా అన్నం తినేది లేదు."

ఆ మర్నాటినుంచి గోలీలు పక్కన పెట్టి నీళ్ళు పట్టుకున్నాం. మొదట ఉత్త గ్లాసు, తర్వాత అడుగున కొంచెం నీళ్ళు, ఆ తర్వాత చిన్న ఇత్తడి చెంబు. ముంజేయి తిరగక మామ ఒళ్ళంతా పక్కకు వంచేవాడు. నేను భుజం పట్టి నిలబెట్టేదాన్ని. నీళ్ళు బల్ల మీద పడ్డాయి, నా తెల్లకోటు మీద పడ్డాయి, తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరు బూట్లలో కూడా పడ్డాయి. ఆయన కిందికి చూసుకుని, తడికాళ్ళతో పక్క వార్డుకు వెళ్ళిపోయాడు. ఆయన పోయాక మామ నవ్వాడు. దెబ్బ తగిలాక ఆయన నవ్వడం అదే మొదలని అత్త చెప్పింది.

పెళ్ళి మిల్లు లైను వీధిలో వేసిన పందిట్లోనే జరిగింది. తమ్ముడు పట్టుబట్ట కట్టుకుని పక్కనే నిలబడ్డాడు, అవసరమైతే అందుకోవడానికి. మామ చెంబు మీద కుడిచెయ్యి వేశాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా దగ్గరికొచ్చాయి. చెంబు లేచింది, వణికింది, ఆగింది. తమ్ముడు చెయ్యి చాచబోతే మామ తల అడ్డంగా ఊపాడు. అయ్యవారు మంత్రం ఆపి చూస్తున్నారు. నాదస్వరం వాళ్ళు పీకలు నోటిదాకా తెచ్చి అలాగే ఉండిపోయారు. అత్త రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కళ్ళు మూసుకుంది. ముంజేయి మెల్లగా, చాలా మెల్లగా తిరిగింది. మొదటి నీళ్ళు పెళ్ళికొడుకు పంచెమీద పడ్డాయి. తర్వాతవి కూతురి చేతుల్లో పడ్డాయి. ఆఖరి చుక్కదాకా మామ చెంబు దించలేదు.

భోజనాల దగ్గర మామ నన్ను పిలిచాడు. "ఏం పాపా, ఎంత మార్కు వేసినావు?"

ఆ వయసులో నాకు అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం ఎప్పుడు దాచాలో అంతకన్నా తెలియదు. "రెండు, మామా," అన్నాను.

"ఏమి, మూడు లేదా?"

"బాగానే పోశారు. కాకపోతే కొంచెం ఆలస్యమైంది."

ఆయన అరుగుమీద బంధువుల మధ్య కూర్చున్న కూతురివైపు చూశాడు. "కన్నబిడ్డని ఇచ్చేటప్పుడు ఎవరన్నా బిరబిరా పోస్తారా, పాపా కణ్ణు?" అన్నాడు.

చేతిలో జిలేబీ ఆకులో పెట్టి, "అయితే మూడే, మామా," అన్నాను. తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.